ఉప్పు సరిపోయింది

జూలై 2

చిన్నీ,

నువ్వు క్షేమంగానే ఉన్నావని మీ బావగారు చెప్పారు కాబట్టి ఆ ప్రశ్న అడిగి కాగితం దండగ చేయను. ఇక్కడ మేమూ క్షేమమే. నువ్వు లేకపోతే మునిగిపోతాం అనుకున్నవాళ్ళు ఎవరైనా మీ చుట్టుపక్కల ఉంటే వాళ్ళకీ చెప్పు.

పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మీ బావగారు నడిపే బస్సు రోజూ మీ ఊరి దాకా వచ్చి పోతుంది కాబట్టి ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. ఫోన్ అయితే కట్ చేస్తావు, ఉత్తరాన్ని చదవక చస్తావా!

నువ్వు వెళ్ళి రెండు నెలలైంది. పోయేవాళ్ళు పోతారు, నేనేం కాళ్ళు పట్టుకోను. కానీ పోయిన తీరుంది చూశావూ, అది మాత్రం చచ్చేదాకా మర్చిపోను. మధ్యాహ్నం ఒంటిగంట. ఆసుపత్రి గేటు దగ్గర మన రోల్స్ బండి కిటికీ ముందు ఇరవైమంది. పెనం మీద ఆరు రొట్టెలు. అంత రద్దీలో చెంచా బకెట్లో విసిరికొట్టి, ఏప్రన్ విప్పి అద్దానికి తగిలించి, బండి దిగి తిన్నగా నడిచిపోయావు. ఆరు రొట్టెలూ మాడిపోయాయి. వారం తిరక్కుండా మా మరిదికి వేరే ఊరి వర్క్‌షాపుకి బదిలీ. వచ్చిందో, మీరే తెచ్చుకున్నారో ఆ పైవాడికి తెలియాలి. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం, ఒకే బండిలో నాలుగేళ్ళు వీపూ వీపూ ఆనించి పనిచేశాం. ఒక్క మాట చెప్పి వెళ్ళొచ్చుగా?

సరే, పని సంగతి. ఈ ఉత్తరంతో ఒక సీసా పంపుతున్నాను. మన ఎర్ర సాస్. వానలు మొదలయ్యాక టమాటాలు ఒట్టి నీళ్ళోడుతున్నాయి, పాత కొలత కుదరడం లేదు. రుచి చూసి రాయి. ఉప్పు, పులుపు, కారం మూడూ విడివిడిగా రాయి. నీ సొంత తెలివితేటలు అందులో కలపకు.

ఇక్కడ ఇంకెవరూ లేరా అంటావేమో. మామయ్యకి డాక్టరు ఉప్పు మాన్పించి ఏడాదైంది, ఆయనకి మంచినీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయి. మీ బావగారు ఉడకని బియ్యం పెట్టినా బ్రహ్మాండం అంటారు. నీ బదులు పెట్టుకున్న కొత్తామె వెల్లుల్లి పడినదేదీ నోట పెట్టదు.

ఆసుపత్రి నర్సులు నిన్ను అడుగుతున్నారు. బదిలీ అయిందని చెప్పి ఊరుకున్నాను. నిన్న వాన కొడుతుంటే పదిమంది నర్సులు మన బండి రేకు కింద దూరి, రోల్స్ తింటూ వాళ్ళ సూపర్నెంటును అనుకరించి ఒకటే నవ్వు. నాకూ నవ్వాగలేదు. పక్కకి తిరిగి నీకేదో చెప్పబోయి, కొత్తామె మొహం చూసి ఆగిపోయాను. ఎంత ఒళ్ళు మండిందో!

మీ అక్క


జూలై 4

గౌరవనీయులైన అక్కగారికి నమస్కారాలు.

మీ ఉత్తరమూ, మీ సీసా అందాయి. ఫోన్ ఎందుకు ఎత్తనో చెబుతాను. ఫోన్‌లో మీరు మాట్లాడతారు, నేను వింటాను. కాగితం మీదైతే నా వంతు నాకు దొరుకుతుంది.

మొదట ఆ రోజు సంగతి. రొట్టెలు మాడాయని రాశారు. నాకు మాడింది రాయలేదు. ఆ గంటలో నాలుగోసారి మీరు వేడి సాస్ చెంచాతో నా మొహం మీదికొచ్చి, అందరి ముందూ "నాలిక చాపు" అన్నారు. జ్యూస్ బండి అతను "ఉప్పు మీటరు పనిచేస్తోందా అమ్మా" అన్నాడు. వరసలో వాళ్ళంతా నవ్వారు. అతనితో పాటు మీరూ నవ్వారు. అక్కడ తెగింది.

రెండేళ్ళుగా ఇదే. నేను కొత్తగా వచ్చినప్పుడు మీ వంట మీరే రుచి చూసుకునేవారు. తర్వాత ఏ పదవి వచ్చిందో ఏమో, చెంచా మీ నోటి దాకా పోవడం మానేసింది. ఉప్పు చూడు, నూనె వాసన చూడు, గుడ్డు మంచిదేనా చూడు. పాలల్లో విషముందేమోనని ముందుగా తాగించి చూసే పిల్లిలా ఉండేది నా బతుకు. బాగుంటే "నా చేతి మహిమ" అని మీరు కిటికీలోంచి నవ్వేవారు. బాగోకపోతే "నువ్వే కదే సరిపోయిందన్నావు" అని నా మీద పడేవారు. నా నాలిక ఎన్నిసార్లు కాలిందో లెక్కలేదు. ఒక్కసారైనా ఊదారా?

మాటలు పడే ఓపిక అయిపోయే వచ్చేశాను. మీ మరిదిగారు బదిలీ అడిగి తెచ్చుకున్న మాట నిజమే. అడగమన్నది నేనే.

ఇక్కడ వర్క్‌షాపు క్యాంటీన్‌లో పనికి కుదిరాను. నెత్తిన టోపీ పెట్టుకోవాలి, ట్రేలు అందించాలి. ఎవరూ నన్ను నాలిక చాపమనరు.

మీ సీసా సంగతి. ఉప్పు బాగా తక్కువ. పులుపు ఎక్కువ. కారం పర్లేదు. వెల్లుల్లి మాడింది. మీ అంతటి మనిషి మాడిన వెల్లుల్లి కలిపి ఊరందరికీ పెట్టడం ఏమిటో నాకు అర్థం కాలేదు. నన్ను ఆటపట్టించడానికే చేశారనుకుంటున్నాను. అలాగే కానివ్వండి.

మీ తోడికోడలు


జూలై 6

గౌరవనీయులైన చెల్లెలుగారికి,

చూశావా, నాకూ వచ్చు. "మీరు" అట, "మీ మరిదిగారు" అట! జడ వేసినదాన్ని, అన్నం కలిపి పెట్టినదాన్ని, ఇప్పుడు నీకు అక్కగారినయ్యాను. వాడు నీకు మొగుడు కాక ముందు నుంచీ వాడి ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని. ఆ ఉత్తరం చింపి పొయ్యిలో వేద్దామనుకున్నాను. ఉప్పూ పులుపూ రాసిన ముక్క పనికొస్తుందని దాచాను.

నవ్వానట! రోజుకి మూడొందలమంది ముందు నిలబడేదాన్ని, వాళ్ళు నవ్వితే నవ్వకుండా మూతి ముడుచుకోనా? నవ్వడం నా వ్యాపారంలో సగం. వరసలో మనిషి విసుక్కోకుండా ఉండాలంటే ఏదో ఒకటి అనాలి. అది నీకు ఎక్కదు, ఎందుకంటే నువ్వు ఎప్పుడూ కిటికీ వైపు నిలబడలేదు. గట్టిగా మాట్లాడితే నీకు సాస్ కాయడం రాదు, రొట్టె గుండ్రంగా రాదు, ఉల్లిపాయ సన్నగా రాదు. నాలిక ఒక్కటే ఉంది నీకు. ఆ ఒక్కటీ అడిగితే అవమానమా?

వెల్లుల్లి మాడితే మాడింది. కొత్తామె దగ్గర నిలబడి వేయించింది, నేను అటు తిరిగి ఉన్నాను. దానికి పెద్ద కథ అల్లకు.

మళ్ళీ కాచాను. పెద్ద గిన్నెడు. ఉప్పు తక్కువన్నావుగా, వేశాను. నేను వేశాక కొత్తామె కూడా వేసిందేమోనని అనుమానం, అడిగితే లేదంటుంది. ఇదిగో రెండో సీసా. పాత సాస్ మూడు రోజులకి వస్తుంది. నీ జవాబు వచ్చేదాకా ఈ గిన్నె మూత తీయను. కాబట్టి మూతి విరుపులు తర్వాత పెట్టుకుని ముందు రుచి చూసి రాయి.

ఇక్కడ తలనొప్పులు చాలవన్నట్టు మొన్న జ్యూస్ బండి వాడు పరిగెత్తుకొచ్చి, "గ్యాస్ కంపు కొడుతుంటే అగ్గిపుల్ల గీస్తావేంటమ్మా" అని నా చేతిలో పెట్టె లాక్కున్నాడు. పైపు బిగింపు కాస్త వదులైందంతే. దానికే వాడు రోడ్డంతా టాంటాం చేశాడు. కిటికీ కీలు ఊడింది. కానిస్టేబుల్ బండి రెండడుగులు వెనక్కి పెట్టమంటాడు, వెనక్కి పెడితే ఆసుపత్రి వాచ్‌మన్ ముందుకి పెట్టమంటాడు. నేను ఒక్కదాన్ని ఎంతమందితో అరవను?

త్వరగా రాయి.

అక్క


జూలై 9

అక్కగారికి,

ఉప్పు సరిపోయింది. పులుపు సరిపోయింది. కారం సరిపోయింది. ఇక సీసాలు పంపవద్దు.

నాలిక


జూలై 13

చిన్నీ,

ఇది మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

పదో తారీఖు పొద్దున నీ చీటీ వచ్చింది. "సరిపోయింది" అని మూడుసార్లు రాసి ఉంది. కింద ఆ సంతకం చూసి ఒళ్ళు మండినా, హమ్మయ్య అనుకున్నాను. గిన్నె మూత తీశాను. మధ్యాహ్నం ఆదరాబాదరాగా నలభై రోల్స్ చుట్టాను, నంజుకోవడానికి సాస్ ధారాళంగా పోసిచ్చాను. చాలామంది పొట్లాలు కట్టించుకుని లోపలికి పట్టుకెళ్ళారు.

మొదటివాడు రోడ్డు మీదే ఉమ్మేశాడు. వాడి వెనకవాడూ ఉమ్మాడు. నర్సులు పరిగెత్తుకుంటూ వెనక్కొచ్చారు, "ఇదేంటమ్మా, సముద్రం పోశావా" అని. కొత్తామె ఏప్రన్ తుడుచుకుంటూ పక్కకి జారుకుంది. నేను నమ్మలేదు. ఎవరో కావాలని గొడవ చేయిస్తున్నారనుకున్నాను. మా సాస్‌కి వంక పెడతారా అని వాళ్ళ మీదే అరిచాను. అరిచానే! తప్పు నాది పెట్టుకుని, కిటికీలోంచి వేలు చూపించి మరీ అరిచాను.

అప్పుడొచ్చింది ఒక పెద్దావిడ. లోపల మనవడికి ఆపరేషనట. రెండు రోజులుగా వరండాలో కూర్చునుంది, తినలేదు. ఆ పూటే మొదటిసారి ఏదైనా తిందామని కొనుక్కుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. ఉమ్మడానికి మొహమాటపడి మింగింది. నా వైపు చూసింది. తిట్టలేదు. మిగతాది కాగితంలో మడిచి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి ఆసుపత్రివాళ్ళు గేటు దగ్గర బండి పెట్టొద్దని కాగితం ఇచ్చారు. మూడు రోజులుగా బండి ఇంటి ముందే ఉంది. మామయ్య దాని పక్కన స్టూలు వేసుకుని, ఎవరికో చావొచ్చినట్టు కూర్చుంటున్నారు.

నేను ఒక్కటే అడుగుతాను. నువ్వు ఆ సీసా మూత తీశావా? తీయకుండానే కోపంలో రాసేసి ఉంటే, పోనీలే అనుకుంటాను. నేనూ కోపిష్టిదాన్నే. కానీ రుచి చూసి, తెలిసి రాసి ఉంటే మాత్రం, నా గడప తొక్కకు. చూశావా, లేదా? ఒక్క మాట.

అక్క


జూలై 15

అక్కా,

చూసే రాశాను.

చెంచాడు నోట్లో వేసుకున్నాను. వెంటనే సింకులో ఉమ్మేశాను. రెండు గ్లాసుల నీళ్ళు తాగినా గొంతు మంట తగ్గలేదు. అప్పుడు కూర్చుని "ఉప్పు సరిపోయింది" అని రాశాను. ఉన్నది నాలిక ఒక్కటే అన్నావు కదా, ఆ నాలిక నీతో అబద్ధం ఆడితే ఎలా ఉంటుందో చూపిద్దామనుకున్నాను. ఆ పెద్దావిడ సంగతి చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నీ గడప తొక్కనివ్వకపోతే మానెయ్యి. దానికి నేను తగినదాన్నే.

కానీ నాకూ కోపం ఉంది, అదీ విను. నేను ఏమనుకుని రాశానో తెలుసా? నువ్వు నా చీటీ చదువుతావు, గిన్నె మూత తీస్తావు, ఒక చుక్క చేతిలో వేసుకుని నాకుతావు, అబద్ధమాడానని తెలిసి బూతులు తిడుతూ నాకో ఉత్తరం రాస్తావు. అంతే అనుకున్నాను. నీళ్ళు పోసి సర్దేస్తావు, గొడవ మనిద్దరి మధ్యే ఉంటుంది అనుకున్నాను. నలభైమందికి పెట్టే ముందు ఒక్క చుక్క రుచి చూడని వంటమనిషి ఉంటుందని ఎవరనుకుంటారు?

వాళ్ళు ఉమ్మేశాక కూడా నువ్వు వాళ్ళ మీద అరిచావు. అప్పుడైనా వేలు ముంచి చూడలేదు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, ఆ ముక్క ఎక్కడా లేదు. ఎందుకు చూడలేదు?

నిన్నంతా టోపీ పెట్టుకుని ట్రేలు అందిస్తూ ఇదే ఆలోచించాను. వెల్లుల్లి మాడితే వీధి చివరికి వాసన వస్తుంది, నీకు రాలేదు. గ్యాస్ కంపుకి జ్యూస్ బండి నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు, నువ్వు అగ్గిపుల్ల గీయబోయావు. నేనక్కడ ఉన్నప్పుడు ఒక రోజు పక్కనే స్టవ్ మీద పాలు మాడి నల్లబడుతుంటే నువ్వు తీరిగ్గా ఉల్లిపాయలు కోసుకుంటున్నావు. పరాకులే అనుకున్నాను. చెంచా నీ నోటి దాకా పోవడం మానేసింది రెండేళ్ళ కిందట నీకొచ్చిన ఆ పెద్ద జ్వరం తర్వాతే. పదిహేను రోజులు మంచం మీద ఉన్నావు, లేచి వచ్చిన మొదటి రోజే నాతో "ఉప్పు చూడు" అన్నావు.

నీకు రుచి తెలియడం లేదు. వాసనా తెలియడం లేదు. అవునా, కాదా? నువ్వూ ఒక్క మాట చెప్పు.

అవునంటే మాత్రం అక్కా, నిన్ను ఊరికే వదలను. రెండేళ్ళు ఆ బండి నా నాలిక మీద నడిచిందన్న మాట. ఆ సంగతి నాకే చెప్పకుండా, నన్ను ఉప్పు మీటరని అందరూ నవ్వుతుంటే చూస్తూ నిలబడ్డావు.

చిన్ని


జూలై 18

చిన్నీ,

అవును.

రెండు రోజులు నీ మీద కోపంతో రాయలేదు. అబద్ధమాడినందుకు కాదు, పట్టేసుకున్నందుకు.

జ్వరం తగ్గాక మొదటి పూట నువ్వే నాకు పథ్యం పెట్టావు, గుర్తుందా? నోట్లో కాగితం నమిలినట్టుంది. నువ్వు అంత శ్రద్ధగా చేస్తే చప్పగా ఉందంటే బాధపడతావని బాగుందన్నాను. మర్నాడూ అంతే. మూడో రోజు బండెక్కి సాస్ నాకితే ఏమీ లేదు. వెల్లుల్లి రెబ్బ కొరికాను. మిరపకాయ నమిలాను, కళ్ళలో నీళ్ళొచ్చాయి తప్ప రుచి రాలేదు. రోజూ ఎవరి గేటు ముందు నిలబడతానో ఆ ఆసుపత్రి లోపలికే వెళ్ళి, ఎవరూ గుర్తుపట్టకుండా కొంగు కప్పుకుని వరసలో కూర్చున్నాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రాలేదు.

ఎందుకు చెప్పలేదంటావు. మీ బావగారికి చెబితే మర్నాడే బండికి తాళం వేసేవారు. జనానికి తెలిస్తే రుచి తెలియని మనిషి చేతి తిండి ఎవరు తింటారు? ఇక నీకు ఎందుకు చెప్పలేదంటే, రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నీకు తెలిస్తే బండి నీదైపోతుందనుకున్నాను. ఆ బండిలో నేను పెద్దదాన్ని. గరిట తిప్పినా, కేకలేసినా నా మాట చెల్లుతుంది. నువ్వు లేకపోతే నాకు పనే లేదని నీకు తెలిశాక నిన్ను ఏ మొహం పెట్టుకుని కసురుకోను? అందుకే ముందే కసురుకున్నాను. వాళ్ళు నిన్ను చూసి నవ్వితే నాకు నిశ్చింతగా ఉండేది, ఎవరి కళ్ళూ నా మీద పడవని. చెడ్డ మనిషిని. అనుకో, ఏమైనా అనుకో.

వాళ్ళు ఉమ్మినప్పుడు వేలు ముంచి చూడలేదేం అన్నావు. చూశాను. అందరూ వెళ్ళాక కూర్చుని గిన్నెలోంచి మూడు గరిటెలు తాగాను. నీళ్ళు తాగినట్టే ఉంది. ఆ రాత్రి కడుపులో తిప్పితే గానీ ఎంత ఉప్పో తెలియలేదు. అంతవరకూ నీ చీటీయే నిజమేమో, లోకమంతా అబద్ధమేమో అనుకున్నాను. రెండేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు మరి.

బండి అమ్మేస్తున్నాను. జ్యూస్ బండి అతను ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. నీ ఏప్రన్ ఇంకా అద్దానికే ఉంది. ఉతికి పంపిస్తాను.

అక్క


జూలై 20

అక్కా,

ఏప్రన్ ముట్టుకున్నావంటే ఊరుకోను. ఎక్కడ తగిలించానో అక్కడే ఉండనీ.

రేపు పొద్దున బావగారి బస్సుకి వస్తున్నాను. జ్యూస్ బండి అతను వస్తే నేను మాట్లాడతాను. ఉప్పు మీటరు మాట్లాడితే ఎలా ఉంటుందో అతనికి తెలియాలి. క్యాంటీన్‌లో టోపీ ఇచ్చేశాను. మీ మరిది వర్క్‌షాపు వాళ్ళకి మళ్ళీ అర్జీ పెట్టుకుంటాడు. అది తేలేదాకా వారానికోసారి వచ్చిపోతాడట, మూతి ముడుచుకునే ఒప్పుకున్నాడు.

నీ మీద కోపం పోయిందనుకోకు. చాలా ఉంది. ఎదురుగా నిలబడి తిట్టాలి, కాగితం మీద తిడితే నాకు ఆనడం లేదు. నువ్వూ తిట్టు. ఆ నలభైమందికీ నేనే ఉప్పు పెట్టాను. నర్సుల దగ్గరికి నాతో వచ్చి నిలబడు, నేను చేసింది నేను చెబుతాను, నీది నువ్వు చెప్పు. రుచి తెలియని మనిషి చేత్తో తినమని ఎవరైనా అంటే, రుచి చూసే మనిషి పక్కనే ఉందని చెబుతాను. ఆ తర్వాతే గేటువాళ్ళని బతిమాలదాం. ఆ పెద్దావిడ ఇంకా వరండాలో ఉంటే ముందు ఆవిడ దగ్గరికి.

గ్యాస్ నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. కిటికీ వైపు ఒక పూట నేను నిలబడతాను, నవ్వడం నేనూ నేర్చుకుంటాను. నాకు సాస్ కాయడం నేర్పు. నీ చేతులకి అన్నీ తెలుసు, నా నోటికి అన్నీ తెలుసు, మధ్యలో ఈ గొడవంతా ఎందుకు? ఇంకోసారి నాలిక చాపమన్నావో, అదే చెంచాతో కొడతాను. "కాస్త చూసిపెట్టవే" అను, చాలు. ఊది మరీ ఇవ్వు.

ఈ ఉత్తరంతో నీ సీసా వెనక్కి పంపుతున్నాను. ఖాళీగా లేదు. నిన్న కూర్చుని నేనే కాచాను, నాలుగేళ్ళు నీ వెనక నిలబడి చూసింది గుర్తు తెచ్చుకుంటూ. నీకు తెలియదు కాబట్టి నేనే చెబుతున్నాను, ఈసారి నమ్ము. ఉప్పు ఎక్కువైంది.

చిన్ని